సముద్రం కూడా తిథి చూస్తుంది

పిల్లలూ, మీ మామ్మా నేనూ కలకత్తా వెళ్తూ దారిలో బాలాసోర్‌లో దిగాం. అక్కడికి 16 కిలోమీటర్ల దూరంలో చాందీపూర్ తీరం ఉంది. విశాఖలో ఇంటి ముందే సముద్రం ఉండగా ఒడిశా సముద్రం దేనికంటారా? ఇది రోజుకు రెండుసార్లు ఒడ్డు వదిలేసి వెళ్ళిపోతుంది! పాటు వేళ నీరు ఒక్కోసారి 5 కిలోమీటర్ల దాకా వెనక్కి పోతుంది. ఆ తడినేల మీద ఎర్ర పీతల్ని చూస్తూ తాపీగా నడిచాం. రిటైరైనవాళ్ళకి తొందరేముంది!

నీటిమట్టం మన విశాఖలోనూ దిగుతుంది. కానీ అక్కడ ఒడ్డు ఏటవాలు కనుక అలలు కాస్తే వెనక్కి జరుగుతాయి. చాందీపూర్ నేల దాదాపు బల్లపరుపు. కిలోమీటరుకు అర మీటరే వాలున్న చోట మట్టం 2 మీటర్లు దిగితే నీరు ఎంత దూరం పోవాలో లెక్కేయండి. 4 కిలోమీటర్లు!

ఇదంతా చంద్రుడి పని. తనవైపున్న నీటిని ఎక్కువగా లాగుతాడు, భూమి నడిమధ్యను అంతకన్నా తక్కువగా, అవతలివైపు నీటిని ఇంకా తక్కువగా. ఆ తేడా వల్ల రెండువైపులా నీరు ఉబ్బుతుంది. అందుకే అక్కడ రోజుకు రెండు పోట్లు. భూమి ఓ చుట్టు తిరిగి వచ్చేలోగా చంద్రుడు కాస్త ముందుకు జరిగిపోతాడు. ఆయన్ని అందుకోవడానికి మరో 50 నిమిషాలు పడుతుంది. ఇవాళ పొద్దున 8 గంటలకు పోటు వస్తే రేపు సుమారు 8:50కి వస్తుందన్నమాట.

ఇది వినగానే మీ మామ్మ, "ఇవాళ తిథేమిటండీ?" అంది. అడగవలసిన ప్రశ్న అదే! సూర్యుడూ నీటిని లాగుతాడు, కాకపోతే బాగా దూరంగా ఉన్నాడు కనుక ఆయన ప్రభావం చంద్రుడి దాంట్లో సగానికి కాస్త తక్కువ. అమావాస్యకూ పౌర్ణమికీ ఇద్దరి బలమూ కలిసి పోటు పెరుగుతుంది, పాటూ పెరుగుతుంది. అష్టమి ప్రాంతంలో ఒకరి పనికి ఒకరు అడ్డం, పోటూ పాటూ రెండూ తగ్గుతాయి. చందమామను చూసి జాలర్లు పోటు సంగతి చెప్పగలిగేది ఇందుకే.

ఈ లెక్క గుర్రపునాడా పీతకూ తెలుసు. పేరుకే పీత, నిజానికి సాలీడుకూ తేలుకూ దగ్గర చుట్టం. 40 కోట్ల ఏళ్ళకు పైగా ఈ జాతి భూమ్మీద ఉంది, డైనోసార్లకన్నా ఎంతో ముందునుంచి! పెద్ద పోట్లు వచ్చే అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆడది ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడుతుంది, మగది దాని వీపు పట్టుకుని వెంటే వస్తుంది. మన నెత్తురులో ఇనుముంటే దీని నెత్తురులో రాగి ఉంటుంది, అందుకే గాలి తగిలితే నీలంగా మారుతుంది. బాక్టీరియా విషం తగిలితే ఆ నెత్తురు గడ్డకడుతుంది. ఆ గుణం వల్లే ఇంజెక్షన్లు, టీకాలు శుద్ధంగా ఉన్నాయో లేదో దానితో పరీక్షిస్తారు. మీ చేతికి వేసిన టీకా వెనుక ఈ ప్రాణి ఉందంటే నాకెంత గౌరవమో!

మాకు ఒకటి వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటూ కనిపించింది. దాని తోక ముల్లులా ఉన్నా కుట్టదు, తిరగబడ్డప్పుడు లేవడానికి ఊతం. మీరు సాయం చేస్తే తోక పట్టి ఎత్తకండి, దానికి గాయమవుతుంది. మామ్మ డిప్పను రెండు పక్కలా పట్టుకుని మెల్లగా బోర్లా తిప్పింది. అది నీళ్ళవైపు నడిచింది, మేం పోటు రాకముందే ఒడ్డువైపు తిరిగాం. అంత చదునైన నేల మీద నీరు తిరిగొచ్చిందంటే చూస్తుండగానే చుట్టుముడుతుంది. వెళ్ళేవాళ్ళు పోటు ఎప్పుడొస్తుందో అక్కడి జాలర్లను అడిగి మరీ దిగాలి.