తాళము పెట్టెకా, పట్టికకా?

కొంతకాలము క్రిందట మా ప్రసంగపాఠములను కొన్నింటిని నలుగురును వాడు ఒక కంప్యూటరునందు భద్రపరచితిమి. ఎవరును మార్పకుండునట్లు వ్రాత అనుమతిని తీసివేసి, 444 అను గుర్తుతో, చదువుటకు మాత్రమే వీలుగా ఉంచితిమి. ఇక భయము లేదనుకొంటిమి. ఒకనాటి ఉదయము చూడగా ఒక్కటియు లేదు. పాత ఫైళ్లను ఏరివేయుచున్న సహోద్యోగి వీనినిగూడ తొలగించెను. యంత్రము నియమము తప్పలేదు. నియమమును మేమే తెలిసికొనలేదు.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు ఆరంభించిన యూనిక్స్ పద్ధతిలో డైరెక్టరీ యనునది ఫైళ్లను దాచు పెట్టె కాదు, అదొక పట్టిక. అందు ఫైలు పేరు, దాని కెదురుగా ఐనోడ్ సంఖ్య యుండును. యజమాని యెవరు, అనుమతు లేవి, విషయము డిస్కుపై నెచ్చట నున్నది అను వివరములు ఐనోడ్‌లో నుండును. పేరు మాత్ర మందుండదు.

ఫైలును తొలగించుట యనగా ఈ పట్టికలో ఒక పంక్తిని కొట్టివేయుటయే. కావున కావలసినది పట్టికపై వ్రాత అనుమతి, దానిలోనికి ప్రవేశించు అనుమతి. ఫైలుపై వ్రాత అనుమతితో పనిలేదు. గ్రంథమున కెంత గట్టి అట్ట వేసినను, జాబితానుండి దాని పేరు కొట్టివేయువానిని ఆ అట్ట ఆపగలదా? వ్రాయరాని ఫైలును తొలగింపబోవునపుడు 'ఆర్ఎం' అను ఆజ్ఞ సాధారణముగా ఒకమాటు ప్రశ్నించును. అది హెచ్చరికయే గాని అడ్డుగోడ కాదు.

దీనికి విపర్యయమును గలదు. పట్టికపై వ్రాత అనుమతి లేక, ఫైలుపై మాత్రమున్నచో, దానిని తొలగింపలేము. లోపలి విషయమును మాత్రము పూర్తిగా తుడిచివేయగలము!

ఒకే ఫైలునకు రెండు పేర్లుండవచ్చును. కడపటి పేరు పోయి, ఏ ప్రోగ్రామును దానిని తెరచియుంచనపుడే డిస్కుపై చోటు ఖాళీయగును.

మరి పదుగురు వ్రాయు డైరెక్టరీకి రక్షణ యేది? స్టికీ బిట్ అను గుర్తు. అందరును వాడు తాత్కాలిక డైరెక్టరీకి సాధారణముగా 1777 అని యుండును. మొదటి 1 అదియే. అది యున్నచోట ఫైలు యజమాని, డైరెక్టరీ యజమాని, సర్వాధికారి యైన రూట్ తప్ప అన్యులు పేరు కొట్టివేయజాలరు.

మా డైరెక్టరీకి ఇప్పుడా గుర్తు పెట్టించితిమి. పాఠములకు వేరొకచోట ప్రతులుగూడ ఉంచుచున్నాము. ఫైలునకు తాళము వేయువారు మొదట పట్టిక ఎవరి చేతనున్నదో చూచుకొందురుగాక!