గుడ్డ నంటించు బంక

గుడ్డ నంటించుటకు ఏ బంక మేలని యడిగినవారిని నేను తిరిగి యడుగుదును: ఆ గుడ్డ నీట తడియునా?

చేర్యాల నకాశీలు పటము వ్రాయు గుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల ముద్ద, బంక కలిపి పూయుదురు. ఆరిన పిదప గుడ్డ బిగిసి రంగును నిలుపును. అయినను గంజియు బంకయు నీట నానిన మెత్తబడి విడిపోవును. కావున ఉతుకు బట్టకు నేను సూదిని, దారమునే నమ్ముదును.

ఈ విడిపోవు గుణమే యొకచోట మేలు. మీ యింట తాతలనాటి భాగవతమునకు గుడ్డ యట్ట యూడినదనుకొనుడు. రసాయనపు బంక పూసిన, మరల విప్పునపుడు కాగితము చినుగవచ్చును. గంజితో నంటించిన, అతుకును కొంచెము తడిపి మెల్లగా విప్పవచ్చును. గంజికి పురుగు పట్టును గనుక పలుచగా పూసి, బాగుగా నారనిచ్చి, తేమలేని చోట నుంచుడు. మన మనుమలు మరల బాగుచేసికొనుటకు వీలుండవలెను గదా!