కొత్త మందు ఎవరి చర్మం మీద?

తలలో రూపాయి బిళ్లంత జాగాలో ఒక్కసారిగా జుట్టు రాలిపోతే మన దిక్కు పేనుకొరుకుడు అంటారు. జుక్కల్‌లోనైనా, మద్నూర్‌లోనైనా, బిచ్కుందలోనైనా దానికి ముందుగా గుర్తొచ్చేది ఉల్లిగడ్డ రసం. తర్వాత గురివింద గింజ అరగదీసి పూయడం. నిజానికి అక్కడ ఏ పేనూ కొరకలేదు. ఒంటిని కాపాడాల్సిన కణాలే దారితప్పి వెంట్రుక కుదుళ్ల మీద పడతాయి. చిన్న మచ్చయితే చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే పూడుకుంటుంది. అందుకే ఉల్లిగడ్డ పనిచేసిందని నమ్ముతాం. అసలు కష్టం తల సగానికి పైగా ఖాళీ అయినవాళ్లది, కనుబొమ్మలు, రెప్పవెంట్రుకలు కూడా పోయి నలుగురిలోకి రాలేకపోతున్నవాళ్లది.

అలాంటివాళ్ల కోసం 2022 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక మాత్రకు అనుమతి ఇచ్చింది. పేరు బారిసిటినిబ్. అంతకుముందు కీళ్లవాతానికి వాడుతున్న మందే. తలలో సగం, అంతకన్నా ఎక్కువ జుట్టు పోయిన 1,200 మందిని రెండు పరీక్షల్లో చేర్చుకుని 36 వారాలు చూశారు. రోజుకు 4 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్న ప్రతి వందమందిలో 36 నుంచి 39 మందికి తల ఎనభై శాతానికి పైగా నిండింది. మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అది వందకు 3 నుంచి 6 మందికే. ఈ రెండో లెక్క చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఈ కథకంతటికీ అదే కీలకం. మందు ఇవ్వకపోయినా కొందరికి జుట్టు వస్తుంది. వాళ్లెంతమందో తెలిస్తేనే మందు చేసిన మేలు ఎంతో తేలుతుంది. ఉల్లిగడ్డకు ఈ లెక్కను ఇంత పెద్ద పరీక్షలో ఎవరూ కట్టలేదు.

ఈ మాత్రకూ హైదరాబాద్‌కూ పాత పరిచయమే ఉంది. 2021 మే నెలలో, కోవిడ్ రెండో అల ఊళ్లకు ఊళ్లను చుట్టేస్తున్నప్పుడు, రెమ్డెసివిర్‌తో కలిపి వాడటానికి నాట్కో ఫార్మా దీన్ని తయారుచేసేందుకు అత్యవసర అనుమతి తెచ్చుకుంది. ఆ తర్వాత పేటెంట్ ఉన్న ఎలీ లిల్లీ కంపెనీ నాట్కోతో పాటు డాక్టర్ రెడ్డీస్, ఎంఎస్ఎన్ సంస్థలకూ లైసెన్సులిచ్చింది. మూడూ హైదరాబాద్ కంపెనీలే.

బొల్లి మచ్చల విషయంలోనూ దారి ఇదే కుటుంబం మందుల నుంచి తెరుచుకుంది. రక్షక కణాలు రంగునిచ్చే కణాలను చంపేయడం వల్ల వచ్చే జబ్బు బొల్లి. అంటుకోదు. వంశానికి శాపమూ కాదు. అయినా దాని పేరు మీద ఎన్ని పెళ్లిళ్లు తప్పిపోయాయో ప్రతి ఊరికీ తెలుసు. రుక్సోలిటినిబ్ అనే పూతమందుకు 2022 జూలైలో అమెరికాలో అనుమతి వచ్చింది. 24 వారాలు రోజుకు రెండుసార్లు పూసుకున్నవాళ్లలో వందకు 30 మందికి ముఖం మీది మచ్చల్లో కనీసం ముప్పావు వంతుకు రంగు తిరిగొచ్చింది. ఉత్తి క్రీము పూసుకున్నవాళ్లలో వందకు 7 నుంచి 11 మందికి వచ్చింది. ఇదే కుటుంబానికి చెందిన మాత్రలు, ఉపాడసిటినిబ్, రిట్లెసిటినిబ్ లాంటివి, బొల్లి మీద మూడో దశ పరీక్షల దాకా వెళ్లాయి.

వందకు 30 అంటే మిగిలిన డెబ్బై మంది సంగతి ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. నాకు మాత్రం ఈ అంకెల మీద గౌరవం పెరిగింది. డెబ్బై మందికి ఆశించినంత పనిచేయలేదని ఒప్పుకుని, అచ్చు వేసి, తమ వైద్యాన్ని లోకం ముందు పెట్టినవాళ్లను నమ్మొచ్చు. వంద శాతం గ్యారంటీ అని గోడల మీద రాయించేవాళ్లు ఒక్క రోగి లెక్క కూడా చూపించరు.

అందం కోసమే చేసే చికిత్సల్లోనూ పరీక్షలు జోరుగా సాగుతున్నాయి. ముడతలు పోగొట్టే బొటాక్స్ మొదట మెల్లకన్నుకూ, రెప్పలు తమంత తామే మూసుకుపోయే జబ్బుకూ 1989లో అనుమతి పొందిన మందు. కెనడాలోని వాంకోవర్‌లో కంటి డాక్టర్ జీన్ కరుథర్స్, ఆమె భర్త, చర్మవైద్యుడు అలస్టెయిర్ కరుథర్స్ దీనివల్ల కనుబొమల మధ్య గీతలు పోతున్నాయని గమనించి 1992లో రాశారు. అమెరికాలో అందం కోసం వాడటానికి అనుమతి రావడానికి మరో పదేళ్లు, అంటే 2002 దాకా పట్టింది. ఇప్పుడు కొన్ని గంటల్లోనే పనిచేసి రెండు మూడు వారాల్లో ప్రభావం పోయే, బొటాక్స్ లాంటిదే మరో రకం విషపదార్థం మీద పరీక్షలు ముగిసి, 2025లో అనుమతికి దరఖాస్తు వెళ్లింది. మొటిమల మందుగా 2020లో వచ్చిన క్లాస్కోటెరోన్ మగవాళ్ల బట్టతల మీద మూడో దశ పరీక్షల్లోకి వెళ్లింది.

ఇదంతా జుక్కల్‌కు చేరేసరికి ఏ రూపంలో చేరుతుందన్నదే నా దిగులు. మనది తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక కలిసే మూడు రాష్ట్రాల కూడలి. ఒంట్లో బాగాలేకపోతే కొందరు బాన్సువాడకు, కొందరు దెగ్లూర్, నాందేడ్‌లకు, కొందరు బీదర్‌కు పోతారు. చర్మం మీద మచ్చకు అంత దూరం ఎవరు పోతారు? ఊళ్లోని ఆర్‌ఎంపీ, బస్టాండు పక్క మందుల దుకాణం, చేతిలోని ఫోన్. ఇంతే. "అక్కా, ఇది కొత్తగ వచ్చింది, నాలుగు రోజుల్ల తగ్గుతది" అని చేతిలో పెట్టే ట్యూబులో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. అందులోనే యాంటీబయాటిక్, తామర మందు కూడా కలిపేసి ఉంటాయి. దురద నాలుగు రోజుల్లో తగ్గేది నిజమే. ఆపగానే రెట్టింపై తిరిగొచ్చేదీ నిజమే. తెల్లబడతామని ముఖానికి నెలల తరబడి పూసుకున్న ఆడపిల్లల చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండలోకి వస్తే మండిపోతుంది. పత్తి చేలో, సోయా చేలో పనికి పోయే మనిషికి ఎండలోకి రావద్దని ఎలా చెబుతాం?

ఈ క్రీముల దెబ్బ వాడినవాళ్ల దగ్గరే ఆగలేదు. మామూలు మందుకు లొంగని తామర మన దేశంలో విస్తరించి ఇతర దేశాలకూ పాకింది. జపాన్ శాస్త్రవేత్తలు 2020లో ఆ బూజుకు పెట్టిన పేరులోనే ఇండియా ఉంది: ట్రైకోఫైటాన్ ఇండోటినియే. స్టెరాయిడ్ కలిపిన పూతమందుల విచ్చలవిడి వాడకం దీనికి దోహదం చేసిందని చర్మవైద్యులు చెబుతూనే ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. కౌంటర్ దగ్గర చీటీ అడిగే దుకాణాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

పట్నంలో ఇదే వ్యవహారం అద్దాల గదుల్లో నడుస్తుంది. రంగు తేలడానికి గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు, సొంత రక్తం తీసి ముఖంలోకి ఎక్కించడం, ఎక్సోసోమ్‌లనే కణాల సూక్ష్మ తిత్తులు ఎక్కించడం. మన చట్టం ప్రకారం సౌందర్య సాధనం అంటే పూసుకునేది, చల్లుకునేది, పోసుకునేది. సూదితో ఎక్కించేది ఏదైనా ఆ కోవలోకి రాదు. అమెరికాలోని న్యూమెక్సికోలో ఒక లైసెన్సు లేని స్పాలో రక్తంతో చేసే ఫేషియల్ చేయించుకున్న మహిళలకు హెచ్‌ఐవీ సోకిందని అక్కడి ప్రభుత్వ సంస్థ సీడీసీ 2024లో ప్రకటించింది. జుట్టు నాటే ఆపరేషన్లను యూట్యూబ్ చూసి నేర్చుకుని చేయడం కుదరదని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో సలహాపత్రమే ఇవ్వాల్సి వచ్చింది.

నిజమైన పరీక్ష ఎలా ఉండాలో, అది లేకపోతే ఏమవుతుందో మన పాత జిల్లాకు వందేళ్ల అనుభవం ఉంది. 2016 అక్టోబర్ దాకా జుక్కల్ నిజామాబాద్ జిల్లాలోనిదే. ఆ జిల్లాలోని డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల కోసం విక్టోరియా ఆస్పత్రి వెలిసింది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దాన్ని నిలబెట్టారు. నిజామాబాద్ దాత రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చాడు. ఊరు వెలివేసిన మనుషులకు అక్కడ మంచం, అన్నం, మందు దొరికాయి. ఆ మందు చాల్‌మూగ్రా నూనె. దాన్ని ఇంజెక్షన్‌గా ఎక్కించడం అప్పట్లో సరికొత్త వైద్యం. హవాయిలో ఆలిస్ బాల్ అనే నల్లజాతి యువ రసాయన శాస్త్రవేత్త ఆ నూనెను ఒంట్లో ఇంకేలా మార్చే పద్ధతి కనిపెట్టి, 1916లో 24 ఏళ్లకే కన్నుమూసింది. ఇసబెల్ కెర్ 1932లో చనిపోయేదాకా రోగులను వదల్లేదు. ఆ సేవకు నేను చేతులెత్తి మొక్కుతాను.

కానీ ఆ నూనె కుష్ఠును నయం చేస్తుందని గట్టిగా తేలలేదు. మందు ఇచ్చినవాళ్లనూ ఇవ్వనివాళ్లనూ పక్కపక్కన పెట్టి కొలిచే పద్ధతి అప్పటికి వైద్యంలో స్థిరపడలేదు. బాగుపడినవాళ్లు కళ్లముందు కనిపించారు, బాగుపడనివాళ్లు మౌనంగా సూదులు భరించారు. 1940లలో సల్ఫోన్ మందులు వచ్చాక గానీ ఆ నూనె పక్కకు పోలేదు. మద్రాసు దగ్గర చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ ఆ మందులను రోగులపై పరీక్షించి చూశాడు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులను కలిపి ఇచ్చే పద్ధతిని సిఫార్సు చేశాక కుష్ఠు నయమయ్యే జబ్బయింది.

జబ్బు పోయినా ముఖం మీది గుర్తులు పోలేదు. ముక్కు కుంగి, కనుబొమ్మలు రాలిపోయిన మనిషికి నయమైందని డాక్టర్ చెప్పినా ఊరు నమ్మలేదు. వేలూరులో పాల్ బ్రాండ్ 1940ల చివర్లో వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టాడు. తర్వాత తల చర్మం నుంచి కనుబొమ్మలు, కుంగిన ముక్కుకు కొత్త ఎత్తు. అందం కోసం చేసే శస్త్రచికిత్స విలాసమని ఎవరైనా అంటే ఆ రోగులను గుర్తుచేయాలి. ముఖం తిరిగొస్తే మనిషికి ఊరు తిరిగొచ్చింది.

పరీక్షల పేరుతో తెలుగునేల మోసపోయిన రోజులూ ఉన్నాయి. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చిన ప్రాజెక్టులో 2,763 అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తేల్చింది. ఆ టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది. తప్పంతా అడగకపోవడంలో ఉంది. 2011లో పిడుగురాళ్ల పేద మహిళలను హైదరాబాద్ తీసుకొచ్చి వాళ్ల మీద క్యాన్సర్ మందు పరీక్షించిన వ్యవహారమూ అంతే.

ఆ గాయాల తర్వాత వచ్చినవే 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ పరీక్షల నిబంధనలు. వాటి ప్రకారం పరీక్ష మొదలు కాకముందే సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్టర్‌లో నమోదు కావాలి. నైతిక సంఘం ఒప్పుకోవాలి, అందులో సగం మంది ఆ ఆస్పత్రికి సంబంధం లేనివాళ్లయి ఉండాలి. అంగీకార పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రానివాళ్లకు పక్షపాతం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం పరీక్ష జరిపేవాళ్ల బాధ్యత. పరీక్షలో చేరినవాళ్లు ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు.

ఇన్ని కాపలాలు ఉన్నప్పుడు పరీక్షలు మన దగ్గర జరగాలనే నేను కోరుకుంటాను. బొల్లి పూతమందు పరీక్షల్లో పాల్గొన్నవాళ్లలో అత్యధికులు తెల్లజాతివారు. మన చామనఛాయ చర్మం తీరు వేరు, లేజర్ కాస్త ఎక్కువైతే నల్ల మచ్చ మిగులుతుంది. బారిసిటినిబ్ లాంటివి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. ఒంట్లో నిద్రపోతున్న క్షయ లేవొచ్చు, రక్తం గడ్డకట్టొచ్చు. క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో ఈ ప్రమాదం ఎంతో మన మనుషుల్లోనే చూడాలి. ఈ మాత్రను రక్తపరీక్ష, క్షయ పరీక్ష లేకుండా ఎవరు ఇచ్చినా వేసుకోవద్దు.

ప్రభుత్వానికి ఒక విన్నపం. ఇప్పటి మన జిల్లా కేంద్రం కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి చర్మవైద్యులు వారానికి ఒక రోజైనా జుక్కల్, మద్నూర్, బిచ్కుంద, పిట్లం వైపు రావాలి. తండాల్లో, మరాఠీ, కన్నడ మాట్లాడే ఊళ్లలో వాళ్ల భాషలోనే చెప్పాలి. ఈ-సంజీవని ద్వారా ఫోటో చూసి సలహా ఇచ్చే వీలుంది, దాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రోజూ నడపాలి.

ఇక మీకు. పరీక్షలో ఉన్న కొత్త మందు అని ఎవరైనా అంటే సీటీఆర్ఐ నమోదు సంఖ్య అడగండి. ఆ రిజిస్టర్‌ను ఫోన్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, ఇంట్లో చదువుకునే పిల్లలున్నా చూసిపెడతారు. సంఖ్య చెప్పకపోయినా, పరీక్షలో ఉన్న మందుకు మీ దగ్గరే డబ్బు అడిగినా ఆ సూది వేయించుకోకండి, డబ్బు కట్టకండి.