బండి ఎగురుతా ఉందా? గట్టి చెయ్యకండి

మన పేటల్లో బళ్ళు ముసలివి. వ్యాసర్పాడి నుంచి పులియంతోపు దాకా ఏ సందులో చూసినా పదేళ్ళు, పన్నెండేళ్ళు నడిచిన స్ప్లెండర్లు, ప్లాటినాలు, ఎక్సెల్ బళ్ళే ఎక్కువ. మీటరు తిరిగి తిరిగి మళ్ళీ సున్నా నుంచి మొదలైనవీ ఉన్నాయి. బిన్నీ మిల్లు 1996లో మూతపడినాక మన పిల్లలు పనికి అంబత్తూరుకో గుమ్మిడిపూండికో పోవాల్సి వచ్చింది. తెల్లారి షిఫ్టుకు బస్సును నమ్ముకోలేం, బండే కాళ్ళు. ఆ బండి గుంటలో పడినప్పుడల్లా దెబ్బ తగిలేది తోలేవాడి నడుముకు, వెనక కూర్చున్న ఆడమనిషి వెన్నుకు.

నేను మిల్లులో మగ్గాల ఫిట్టరుగా చేసి, ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా బళ్ళు బాగుచేసినవాణ్ణి. నా దగ్గరికి వచ్చే మాట ఎప్పుడూ ఒకటే: “అన్నా, బండి ఎగురుతా ఉంది, షాకులు గట్టిగా చెయ్యి.” గట్టిగా చేస్తే ఎగరడం తగ్గదు, ఎక్కువవుతుంది. ఎందుకో చెప్తాను.

షాకబ్జరులో పనులు రెండు. స్ప్రింగు బరువు మోస్తుంది. లోపలి ఆయిలు ఆ స్ప్రింగు ఎగిరిపడకుండా పట్టుకుంటుంది. గుంటలో పడినప్పుడు స్ప్రింగు నొక్కుకుంటుంది, ఆ వెంటనే అంతే జోరుగా విడుచుకుంటుంది. ఆయిలు సన్నటి రంధ్రాల్లో దూరి పోవాలి కాబట్టి ఆ జోరు అణుగుతుంది. మగ్గం దగ్గర నిలబడినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. నాడె వచ్చి పెట్టెలో కొట్టుకున్నప్పుడు దాన్ని ఆపడానికి తోలు బఫరు, చెక్ స్ట్రాపు ఉండేవి. ఆ తోలు అరిగితే నాడె వెనక్కి ఎగిరేది, పేక తెగేది. అప్పుడు తోలే మార్చేవాళ్ళం. బండిలోనూ ముందు చచ్చేది ఆ పట్టుకునే భాగమే. స్ప్రింగు అంత తొందరగా పోదు.

వెనక షాకు కింద మెట్లుంటాయి, చాలా బళ్ళకు అయిదు. మెట్టు పెంచితే స్ప్రింగు ముందే నొక్కుకొని కూర్చుంటుంది, ఇద్దరెక్కినా బండి కిందికి దిగదు. దాని పని అంతవరకే. చచ్చిన ఆయిలు దానివల్ల బతకదు. ఒక్కడే పోయే బండిని అయిదో మెట్టులో పెడితే ప్రతి రాయీ నేరుగా ఎముకకు తగుల్తుంది.

మా వీధిలో ఒక కుటుంబం సంగతి చెప్తాను. అతను పుళల్ దగ్గర గోడౌనులో పని, ఆమె మూలకడైలో టైలరు. ఇద్దరూ ఒకే బండిలో పోయేవాళ్ళు. ఆర్నెల్లుగా ఆమె నడుము నొప్పికి మాత్రలు మింగుతూ బండెక్కడం మానేసి షేరు ఆటోలో పోతోంది. ఒకరోజు అతనొచ్చి, “అన్నా, దానికి కూర్చోను కావడం లేదు. కొత్త బండికి ఫైనాన్సు అడిగినాను” అన్నాడు. బండి చూస్తే మీటరు 86 వేలు. వెనక రెండు షాకులూ అయిదో మెట్టులో, వెనక టైరులో గాలి 45. ముందు ఫోర్కు విప్పితే ఒక కాల్లోంచి గచ్చు కడిగిన నీళ్ళలాంటి ఆయిలు వచ్చింది. రెండో కాల్లో సగం కూడా లేదు, సీలు పోయి ఎప్పుడో కారిపోయింది. రెండు సీళ్ళు, కొత్త ఫోర్క్ ఆయిలు, కూలీ అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే అయింది. వెనక షాకుల జత మార్చడానికి ఇంకో రెండు వేలు. ఆమె నొప్పి మొత్తం పోయిందని నేను చెప్పను, డాక్టరు చెప్పిన వ్యాయామం ఇప్పటికీ చేస్తోంది. కానీ మళ్ళీ బండెక్కింది. ఫైనాన్సు కాగితాలు అతను వెనక్కి తెచ్చుకున్నాడు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఖర్చు లేనివి చూడండి. మొదట గాలి. బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత ఉండాలో చెయిన్ కవరు మీద గానీ, బండి పుస్తకంలో గానీ రాసి ఉంటుంది. ఒక్కరికి ఒక లెక్క, ఇద్దరికి ఒక లెక్క. గాలి కొట్టే కుర్రాడు అన్ని బళ్ళకూ ఒకే లెక్కలో కొడతాడు, మనం నోరు విప్పి చెప్పాలి. తర్వాత ముందు బ్రేకు పట్టుకొని హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కి వదలండి. పైకి వచ్చి నిలిస్తే సరి. రెండు మూడుసార్లు ఊగితే ఆయిలు పని అయిపోయింది. సీటు వెనక భాగాన్ని నొక్కి వెనక షాకులనూ అట్లే చూడండి. ఫోర్కు మెరిసే గొట్టం మీద ఆయిలు గీత, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే సీలు పోయినట్టే. దాన్ని తుడిచి ఊరుకోకండి. డిస్కు బ్రేకు ఉన్న బండిలో ఆ ఆయిలు జారి డిస్కు మీదికి, ప్యాడ్ల మీదికి చేరితే బ్రేకు పట్టదు.

సీలు మార్చేముందు గొట్టాన్ని గోటితో గీరి చూడాలి. తుప్పు గుంటలకు గోరు తగులుకుంటే ఎన్ని కొత్త సీళ్ళు వేసినా నెల్లోపల చిరుగుతాయి, గొట్టమే మార్చాలి. పని చేసేటప్పుడు మెకానిక్కు పక్కన నిలబడండి, మొహమాటం వద్దు. పాత ఆయిలు పూర్తిగా పంపు చేసి తీయాలి, లోపల కడగాలి, రెండు కాళ్ళలో సమంగా కొలత గ్లాసుతో పోయాలి. ఎన్ని మిల్లీలీటర్లో, ఏ చిక్కదనమో బండి బండికీ వేరు, పుస్తకంలో ఉన్నదే లెక్క. సీసాలో మిగిలిన ఇంజను ఆయిలు పోసేసేవాళ్ళున్నారు. గట్టిదనం కోసం ఎక్కువ పోసేవాళ్ళూ, స్ప్రింగు మీద వాషర్లు పేర్చేవాళ్ళూ ఉన్నారు. ఆయిలు ఎక్కువైతే లోపల గాలికి చోటు చాలక సీలే తన్నుకొని బయటికొస్తుంది. చక్రం బిగించాక, యాక్సిల్ చివరి బిగింపుకు ముందు ఫోర్కును నాలుగైదుసార్లు ఊపి రెండు కాళ్ళూ ఒక వరుసకు వచ్చేలా చెయ్యాలి. చాలా షాపుల్లో వదిలేసేది ఇదే, నాకు కోపం వచ్చేదీ ఇక్కడే.

వెనక షాకులు మన మామూలు బళ్ళకు సీలు చేసినవి, విప్పి బాగుచేసేవి కావు. కారితే జత మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే రెండూ ఒక తీరుగా పనిచెయ్యవు. పుదుపేటలో పాత సామాను చవకగా దొరుకుతుంది. మడ్‌గార్డు, సైలెన్సరు, టాంకు అక్కడ కొనండి, నేనూ కొంటాను. షాకులు మాత్రం వద్దు. పైన రంగు వేసినది లోపల ఎంత చచ్చిందో చేతితో తెలియదు. జనరల్ పాటర్స్ రోడ్డులో బిల్లుతో కొత్తవి తెచ్చుకోండి.

షాకులు బాగుండీ బండి పక్కలకు ఊగుతుంటే తప్పు వేరేచోట ఉంటుంది. వెనక చక్రం నేల వదిలేలా స్టాండు వేసి చక్రాన్ని అటూ ఇటూ లాగండి. లొడలొడ ఆడితే స్వింగ్ ఆర్మ్ బుష్ గానీ, బేరింగు గానీ అరిగింది. ముందు చక్రాన్ని పైకెత్తి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే నడిమధ్య టక్కున ఆగుతుందా? బాల్ రేసులో గుంటలు పడ్డాయి. ఇవి బాగుచెయ్యకుండా షాకులు మార్చడం దండగ. కుషన్ సంగతి కూడా మరవకండి. పన్నెండేళ్ళ నురుగు నొక్కుకుపోయి పలకలాగా అవుతుంది. ఫోము మార్చితే షాకు మార్చినంత తేడా కొందరికి తెలుస్తుంది.

వెనక చక్రానికి ఇంత సుఖం ఉండాలనే ఆలోచన కూడా మరీ పాతది కాదు. 1949 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టుకు స్వింగ్ ఆర్మ్ పెట్టినప్పుడు అది కొత్త వింత. అప్పటిదాకా చాలా బళ్ళ వెనక చక్రం ఫ్రేముకే బిగించి ఉండేది, స్ప్రింగులు సీటు కిందే. ఆ బుల్లెట్టునే 1955 నుంచి మన మద్రాసులో, తిరువొత్తియూరులో బిగించడం మొదలుపెట్టారు. మన పెద్దవాళ్ళలో అక్కడ పనిచేసినవాళ్ళను అడిగితే ఇంకా బాగా చెప్తారు.

పని చెయ్యాలంటే అక్టోబరు వానలకు ముందే చేయించుకోండి. మెట్రో తవ్వకాలతో మాధవరం, పెరంబూరు, అయనావరం దారులు ఎట్లా ఉన్నాయో మీకు తెలుసు. నీళ్ళు నిలిస్తే గుంట ఎంత లోతో కనపడదు, ఊగే షాకుతో టైరు రోడ్డును వదిలి ఎగిరి బ్రేకు కొట్టినా బండి ఆగదు. సీళ్ళు మార్పించినవాళ్ళు ఒక వారం తోలాక ఫోర్కు గొట్టాన్ని పొడిగుడ్డతో తుడిచి, మర్నాడు మళ్ళీ చూడండి. గీత పడితే వెంటనే ఆ షాపుకే తీసుకుపోండి, బిల్లు జేబులో పెట్టుకొని.