పాత ట్రాక్ సైకిలు కొనే ముందు



ఈ నెల మేము వ్రాస్తున్న విషయము కొందరికి వింతగా తోచవచ్చును. సైకిలు గురించి సంఘ పత్రికలో ఏముంటుంది అనవచ్చును. అయితే అప్పు చేసి కొన్న వస్తువు వలన ఇంటి నెమ్మది పోవడము, ఆ వస్తువు వలననే బిడ్డ ప్రాణానికి ముప్పు రావడము సంఘమునకు సంబంధించని సంగతులు కావు. అందుచేత ఓపికతో చదువవలెనని కోరుతున్నాము.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో 2002లో జరిగిన జాతీయ క్రీడల కోసము కట్టిన సైకిలు పందెముల బాట ఉన్నది. దానిని వెలోడ్రోమ్ అంటారు. పళ్ళెము అంచు వలె మలుపులలో లోపలికి వాలియుండే బాట అది. మౌలాలి నుండి లాలాపేట మీదుగా తార్నాక చేరితే యూనివర్సిటీ ఎంతో దూరము కాదు. ఈ ప్రాంతములో ఉండేవారి పిల్లలు, పల్లెల నుండి వచ్చి హాస్టళ్ళలో చదువుకొనే పిల్లలు ఆ బాటను చూచి ఆశపడతారు. ఆశకు కారణము లేకపోలేదు. 2018లో అండమాన్ కుర్రవాడు ఎసో ఆల్బెన్ జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీలలో వెండి పతకము తెచ్చాడు. 2019 ఆగస్టులో జర్మనీలో జరిగిన అవే పోటీలలో అతడు, మరి ఇద్దరు మన దేశపు కుర్రవాళ్ళు కలిసి టీమ్ స్ప్రింట్‌లో బంగారు పతకము గెలిచారు. దేవుడు కాళ్ళకు ఇచ్చిన బలమును శ్రద్ధగా వాడుకొనడము మంచిదే.

చిక్కు సైకిలు దగ్గర వస్తుంది. కొత్త బండి ధర వింటే మన కుటుంబములు వెనుకకు తగ్గుతాయి. అప్పుడు ఎవరో ఒకరు, “పాతది ఉన్నది, సగము ధరకే ఇస్తారట” అంటారు. పొలము మీద వచ్చిన డబ్బో, చీటీ పాడిన డబ్బో తీసుకొని తండ్రి బయలుదేరుతాడు. ఆ తండ్రి కోసమే ఈ నాలుగు మాటలు.

ఇది మన ఇంటి సైకిలు వంటిది కాదు

మన ఇంట్లో ఉండే సైకిలును తొక్కడము ఆపితే చక్రము దానంతట అది తిరుగుతుంది. కారణము వెనుక చక్రములోని ఫ్రీవీలు. ట్రాక్ సైకిలుకు ఫ్రీవీలు లేదు. వెనుక పళ్ళచక్రము హబ్బుకు బిగించియుంటుంది. చక్రము తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఇక రెండవ సంగతి, దీనికి బ్రేకులు ఉండవు. ముందు బ్రేకు లేదు, వెనుక బ్రేకు లేదు.

ఇది తయారుచేసినవాని మతిమరుపు కాదు. పందెపు బాట మీద అందరూ ఒకే దిక్కుకు పోతారు, ఎవరికీ బ్రేకులు ఉండవు గనుక ముందున్నవాడు హఠాత్తుగా ఆగడు. వేగము తగ్గించాలంటే పెడళ్ళను వెనుకకు అదిమిపట్టి, బాట ఎత్తువైపుకు ఎక్కిస్తారు. అక్కడ అదే క్షేమము.

తార్నాక చౌరస్తాలో అది క్షేమము కాదు. అక్కడ ఆర్టీసీ బస్సు ఆగుతుంది, ఆటో అడ్డము తిరుగుతుంది, పసిబిడ్డ చెయ్యి వదిలించుకొని పరుగెత్తుతుంది. అయినను సైకిలు కొన్న రోజుననే దానిని ఇంటివరకు తొక్కుకొని రావాలని పిల్లలకు తహతహ. తండ్రులారా, తల్లులారా, ఈ ఒక్క విషయములో మెత్తబడవద్దు. బ్రేకు లేని బండిని ఆటోలో వేసుకొని తీసుకొని రండి, ఆటోలోనే మైదానమునకు పంపండి. రోడ్డు మీద సాధన చేయవలసివస్తే బ్రేకులున్న మామూలు సైకిలు మీద, హెల్మెట్ పెట్టుకొని చేయనివ్వండి. కొత్త ఇల్లు కట్టేవాడు మేడకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8లో ఆజ్ఞ ఉన్నది. పడేది ఎవరో తెలియదు గాని, ఆ ప్రాణానికి లెక్క అడుగబడేది ఇంటివానినే. మన వస్తువు వలన ఇతరులకు హాని కలుగకుండా ముందే చూచుకొనడము దేవుడు విధించిన బాధ్యత.

మొదట కొలత, తరువాత ధర

చెప్పుల దుకాణములో తొమ్మిదవ నెంబరు చెప్పు చవకగా దొరికినదని ఏడవ నెంబరు కాలికి కొంటామా? సైకిలు విషయములో మాత్రము అలాగే చేస్తున్నాము. పాత బండి ఎవరో ఒక మనిషి ఎత్తుకు, చేతుల పొడవుకు తగినట్లు ఎంచుకొన్నది. సీటును పైకీ క్రిందికీ జరుపవచ్చును గాని ఫ్రేము పొడవును మార్చలేము. పెద్ద ఫ్రేము మీద సాగిలపడి తొక్కే పిల్లవానికి నడుము, మెడ నొప్పులు వస్తాయి. ఎదిగే వయసు పిల్లవానికి “రెండేళ్ళలో సరిపోతుందిలే” అని కొనడము కూడ అంతే.

జపాను దేశములో 1948లో కొకురా పట్టణములో కీరిన్ అనే సైకిలు పందెములు ఆరంభమైనాయి. అక్కడి పందెగాళ్ళు వాడిన ఉక్కు ఫ్రేములు నేడు లోకమంతటా పాతవిగా అమ్ముడుపోతున్నాయి. చేతిపని చూడముచ్చటగా ఉంటుంది. కాని ఆ ఫ్రేములు ఒక్కొక్క పందెగాని కొలతకు చేయించినవి, పందెములలో పడిలేచినవి. పేరు చూచి మురిసిపోకుండా కొలత అడగండి.

పళ్ళ లెక్క కూడ చూడండి. ముందు పళ్ళెమునకు 48 పళ్ళు, వెనుక దానికి 16 పళ్ళు ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రము మూడు చుట్లు తిరుగుతుంది. ముందు 49, వెనుక 14 ఉంటే మూడున్నర చుట్లు. పెద్దవాని బలమునకు పెట్టిన పళ్ళను నేర్చుకొనే పిల్లవాడు తొక్కితే మోకాళ్ళ మీద భారము పడుతుంది. ఇందులో గేర్లు మార్చే మీట ఉండదు. మార్చాలంటే పళ్ళచక్రమునే కొనాలి.

మరొక మోసము ఉన్నది. చూపుకు అదే విధముగా ఉండే ‘ఫిక్సీ’ అనే ఊరిలో తిరిగే సైకిళ్ళను ట్రాక్ సైకిళ్ళని చెప్పి అమ్ముతారు. పందెపు బండిలో పెడళ్ళు నేలకు కొంచెము ఎత్తుగా ఉంటాయి. వాలు బాట మీద పెడల్ నేలకు తగలకూడదని ఆ ఏర్పాటు. ఊరి బండిలో ఆ ఎత్తు ఉండకపోవచ్చును. మలుపులో పెడల్ నేలకు తగిలితే మనిషి పడిపోతాడు. అందుచేత కొనకముందే శిక్షకునికి చూపించండి.

రంగు క్రింద ఏమున్నది?

మా సంఘములోని ఒక కుటుంబము అల్యూమినియము ఫ్రేము ఉన్న బండి కొన్నది. కొత్తగా వేసిన ఎర్ర రంగు అద్దములాగ మెరిసింది. మైదానములో శిక్షకుడు దానిని తలక్రిందులు చేసి, పెడళ్ళ ఇరుసు ఉండే గూడు దగ్గర బట్టతో తుడిచి చూచాడు. వెంట్రుక వంటి గీత ఒకటి కనబడింది. రంగు క్రింద ఫ్రేము పగిలియున్నది. అమ్మినవాడు ఫోను ఎత్తలేదు. ఆ సైకిలు నేటికీ వారి గోడకు వ్రేలాడుతున్నది. తండ్రి పదునాలుగు నెలలు చీటీ కట్టాడు. కాని ఆ గీత కనబడకపోయి ఉంటే నష్టము డబ్బుతో పోయేది కాదని తల్లి ప్రార్థన కూడికలో కృతజ్ఞత చెల్లించింది.

అందుచేత కొత్త రంగును చూస్తే సంతోషించవద్దు, ఎందుకు వేశారని అడగండి. పగటి వెలుతురులో చూడండి. హ్యాండిల్ క్రింద గొట్టములు కలిసే చోట, పెడళ్ళ గూడు చుట్టూ, సీటు బిగించే చోట, వెనుక చక్రము కూర్చునే చీలికల దగ్గర వేలుగోరుతో నెమ్మదిగా గీయండి. గోరు తట్టుకొంటే అనుమానించండి. ఉక్కు ఫ్రేమును నిపుణుడైతే అతికించగలడు. అల్యూమినియమును అతికించి పందెములో నమ్మడము క్షేమము కాదు. కార్బన్ ఫ్రేము అయితే లోపలి దెబ్బ పైకి కనబడకపోవచ్చును. నాణెముతో మెల్లగా తట్టితే దెబ్బ ఉన్న చోట మొద్దు శబ్దము రావచ్చును, కాని అదొక్కటే రుజువు కాదు. పడిన బండి అని తెలిస్తే వదిలిపెట్టండి.

వంకర తెలుసుకొనుటకు ఒక దారము చాలు. వెనుక చక్రము తీసి, ఒక ప్రక్క చీలికకు దారము కట్టి, హ్యాండిల్ క్రింది గొట్టము చుట్టూ త్రిప్పి, రెండవ ప్రక్క చీలికకు బిగించండి. సీటు గొట్టమునకు, దారమునకు మధ్య దూరము రెండు ప్రక్కలా కొలవండి. రెండూ సమానముగా ఉండాలి. తేడా స్పష్టముగా కనబడితే ఫ్రేము వంగినదే.

వెనుక చక్రమే బ్రేకు

ఈ బండిలో వేగము తగ్గించేది వెనుక పళ్ళచక్రము ఒక్కటే. అది ఊడిపోకుండా దాని ప్రక్కన లాక్ రింగు ఉంటుంది. ఆ రింగు థ్రెడ్డు ఎడమవైపు తిరిగి బిగుస్తుంది, గనుక పెడల్‌ను వెనుకకు అదిమినప్పుడు పళ్ళచక్రము వదులు కాదు. కొందరు మామూలు ఫ్రీవీలు హబ్బుకే పళ్ళచక్రము బిగించి, జిగురు పూసి అమ్ముతారు. అది వెనుకకు అదిమిన రోజున ఊడిపోతుంది. చక్రమును గట్టిగా పట్టుకొని పెడల్‌ను వెనుకకు నొక్కి చూడండి. పళ్ళచక్రము కొంచెము జారినా ఆ చక్రము వద్దు. థ్రెడ్డు అరిగిన హబ్బును ఏ మెకానిక్కూ బాగుచేయలేడు.

పందెపు టైర్లలో చాలావాటికి ట్యూబు లోపలే కుట్టియుంటుంది. టైరును రిమ్ముకు జిగురుతో అంటిస్తారు. ఏళ్ళు గడిస్తే జిగురు ఎండిపోతుంది. గాలి తీసి బొటనవ్రేలితో టైరు అంచును ప్రక్కకు నెట్టండి. సులభముగా లేస్తే ఆ టైరు మలుపులో ఊడిపోగలదు. చైనును కూడ కొలవండి. కొత్త చైనులో 24 లింకుల పొడవు సరిగా 12 అంగుళములు. అంగుళములో ఎనిమిదవ వంతు పెరిగితే అది అరిగిపోయినట్లే. సాధారణముగా దానితోపాటు పళ్ళు కూడ అరుగుతాయి.

ఇవన్నీ ఒక కాగితము మీద వ్రాయండి. బండి ధర ఒక వైపు, మార్చవలసిన టైర్లు, చైను, పళ్ళచక్రము, బేరింగులు మరొక వైపు. గోపురము కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని ప్రభువు చెప్పిన సంగతి లూకా 14వ అధ్యాయములో ఉన్నది. సగము ధర అన్న మాట ఈ లెక్క తరువాత కూడ నిలిస్తేనే అది సగము ధర.

కాగితము, సాక్షి

స్కూటరుకు ఆర్.సి. ఉంటుంది, సైకిలుకు అటువంటి పుస్తకము లేదు. గనుక పాత బిల్లు, ఫ్రేము నెంబరు ఈ రెండే ఆధారము. ఆ నెంబరు సామాన్యముగా పెడళ్ళ గూడు అడుగున చెక్కియుంటుంది. దానిని గీకివేసి ఉంటే బండి ఎంత బాగున్నా తిరిగి రండి. దొంగసొమ్ము అని తెలిసి, లేక అలా నమ్ముటకు కారణముండి కొన్నవానికి 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద శిక్ష ఉన్నది. ఫోనులో ఫొటో చూపి “ముందు అడ్వాన్సు పంపండి, బండి పార్సిలులో వస్తుంది” అనేవారికి ఒక్క రూపాయి కూడ పంపవద్దు. మోసపోతే ఆలస్యము చేయక 1930 నెంబరుకు ఫోను చేయండి.

అమ్మినవాని పేరు, ఫ్రేము నెంబరు, ధర, తేదీ వ్రాసి ఇద్దరూ సంతకము చేయండి. మనవాళ్ళ మధ్య కాగితమెందుకని మొహమాటపడవద్దు. యిర్మీయా ప్రవక్త తన సొంత పినతండ్రి కుమారుని యొద్దనే పొలము కొన్నప్పుడు పదిహేడు తులముల వెండి తూచి, సాక్షుల యెదుట క్రయపత్రము వ్రాసి, దానిని మట్టికుండలో భద్రపరపించాడు. బంధువుల మధ్య కాగితము ఉండుట అపనమ్మకము కాదని ఆ 32వ అధ్యాయము నేర్పుతున్నది.

అమ్మేవారితోను, కొనేవారితోను

సామెతలు 20:14లో కొనేవాని సంగతి ఒకటి ఉన్నది. బేరమాడేటప్పుడు వస్తువును తీసిపారేస్తాడు, ఇంటికి పోతూ తన తెలివిని పొగడుకొంటాడు. లేని లోపము చెప్పి ధర తగ్గించుట కూడ అబద్ధమే. ఉన్న లోపమును ఉన్నదని చూపి, దానికి తగిన ధర అడగండి.

అమ్మేవారిలో మన యౌవనస్థులు కూడ ఉన్నారు. ఆట మానినప్పుడు, ఉద్యోగము వచ్చినప్పుడు సైకిలు అమ్ముతారు. తమ్ములారా, మీ బండి పడిందా? ఎప్పుడు, ఎక్కడ తగిలిందో అడుగకముందే చెప్పండి. రంగుతో కప్పవద్దు. దాని మీద రేపు వాలు బాట ఎక్కేది మీ వంటి ఒక తల్లి కుమారుడే. నాలుగు వేలు తక్కువ వస్తే రావచ్చును. దాచిన పగులుతో వచ్చిన డబ్బులో నుండి కానుక పెట్టెలో వేసేది దేవునికి ఇష్టమైనది కాదు.

ఈ వారము కుటుంబ ప్రార్థనలో ఇంటిలోని వాహనముల సంగతి కూడ తలంచండి. ప్రార్థన ముగిసిన తరువాత ఇంట్లో ఉన్న ప్రతి సైకిలు బ్రేకును, చైనును పరీక్షించండి. పాత ట్రాక్ సైకిలు కొనదలచినవారు తెలిసిన శిక్షకుని, ఒక మెకానిక్కును, బిడ్డను వెంటబెట్టుకొని పగటిపూట వెళ్ళండి. చూచిన వెంటనే డబ్బు ఇవ్వక, ఒక రాత్రి గడవనిచ్చి నిర్ణయించుకొనండి. మన బిడ్డల రాకపోకలయందు ప్రభువు వారిని కాపాడునుగాక.