దద్దుర్లు వచ్చాయా? ఫోటో తీసే ముందు ఒకసారి నొక్కి చూడండి

ఒంటి మీద ఎర్రగా ఏదైనా కనిపిస్తే మనం ఏం చేస్తాం? ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాం. "వేడి చేసిందిలే, మజ్జిగ తాగు" అని రిప్లై వస్తుంది. చాలాసార్లు అది చెమటకాయో, దోమకాటో, తిన్నది పడకపోవడమో అయి ఉంటుంది, నిజమే. కానీ ఫోటోలో తెలియని విషయం ఒకటుంది. అది తెలియాలంటే నొక్కి చూడాల్సిందే.

ఒక గాజు గ్లాసు తీసుకుని, దాని పక్కభాగాన్ని మచ్చల మీద గట్టిగా అదమండి. మరీ పగిలేంత కాదు! గ్లాసులోంచి చూస్తే ఎరుపు మాయమైందా? అంటే రక్తం ఇంకా నాళాల్లోనే ఉంది, నొక్కితే పక్కకి జరిగింది. ఎంత నొక్కినా చుక్క అలాగే ఉందా? అంటే రక్తం నాళం దాటి చర్మం కిందకి వచ్చేసింది. ఈ చుక్కలు గుండుసూది తలంత ఉంటాయి, సాధారణంగా దురద పెట్టవు. అందుకే ఎవరూ పట్టించుకోరు.

మన దగ్గర వానాకాలంలో జ్వరంతో పాటు ఇవి వస్తే ముందు అనుమానించాల్సింది డెంగీని. మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే ఇలా చుక్కలు తేలతాయి. ఇంకో తిరకాసు ఏంటంటే, 3 నుంచి 7 రోజుల మధ్య జ్వరం తగ్గుతుంది చూడండి, అసలు ప్రమాదం అప్పుడే. "హమ్మయ్య, తగ్గింది" అనుకునే టైమ్‌లో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ జోలికి మాత్రం వెళ్లకండి.

జ్వరం లేకుండా చుక్కలొచ్చినా రక్తపరీక్ష చేయించాలి. బ్లడ్ క్యాన్సర్ ఇలా బయటపడిన సందర్భాలూ ఉన్నాయి. అదే మెనింగోకాకల్ ఇన్ఫెక్షన్ అయితే మచ్చలు గంటల్లోనే పెద్దవై ఊదారంగుకి తిరుగుతాయి. అప్పుడు తెల్లారేదాకా ఆగడానికి లేదు.

చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఇవి సరిగ్గా కనపడవు. అరచేతులు, అరికాళ్లు, కింది కనురెప్ప లోపల, నోట్లో అంగిలి చూడండి. ఫోన్ టార్చ్ ఇక్కడ బాగా పనికొస్తుంది.

నొక్కితే ఎరుపు పోయింది కదా అని పూర్తిగా ధీమా కూడా వద్దు. దద్దుర్లతో పాటు పెదాలు వాచి, ఊపిరి ఆడకపోతే వెంటనే 108కి కాల్ చేయండి. ఫిట్స్ మందో, సల్ఫా మాత్రో, యూరిక్ యాసిడ్‌కి ఇచ్చే అల్లోప్యూరినాలో కొత్తగా మొదలుపెట్టిన కొన్ని రోజులకో, వారాలకో మచ్చలొచ్చి, నోట్లో పుళ్లు, కళ్లమంట, ముట్టుకుంటే చర్మం నొప్పి ఉంటే అది మందు వికటించడం కావచ్చు. క్రీములు రాస్తూ కూర్చోకుండా, ఆ మాత్రల షీటు చేత్తో పట్టుకుని ఎమర్జెన్సీకి వెళ్లండి.