ఊపిరితిత్తికి గాలి కొత్తా?

"కత్తి తగిలి లోపలికి గాలి సోకితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుద్ది." పల్నాడులో ఆపరేషన్లు మాన్పిస్తున్న మాట ఇది. నరసరావుపేటలో స్కానింగు తీయించుకుంటారు. గుంటూరు వెళితే డాక్టరు "గడ్డ చిన్నదే, తీసేయొచ్చు" అంటాడు. ఊళ్ళో బస్సు దిగి ఇంటికి చేరేలోగా మనసు మారిపోతుంది. అందుకు అరుగు మీద ఒక్క పెద్దమనిషి చాలు. ఇక పసరు మందు, మొక్కులు, పంట చేతికొచ్చాక చూద్దాంలే అనే వాయిదా. మళ్ళీ స్కానింగు తీసేసరికి జబ్బు ఛాతీ మధ్యలోని గ్రంథులకో, ఎముకకో చేరి ఉంటుంది. ఇక ఆపరేషన్ లాభం లేదని డాక్టరే అంటాడు. ఊరేమో "మేం ముందే చెప్పలా" అంటుంది. కత్తి తాకనే తాకని మనిషి విషయంలో కూడా నేరం కత్తిదే!

ఇంకో అవయవం గురించయితే ఈ మాట మీద కాసేపు వాదించొచ్చు. ఊపిరితిత్తి గురించి ఏం వాదిస్తాం? నిమిషానికి పదిహేను సార్లు లెక్కేసుకున్నా రోజుకు 21,600 సార్లు గాలి పోయి వచ్చే చోటు అది. గాలి సోకి పాకే జబ్బయితే పుట్టిన రోజే పాకి ఉండాలి. క్యాన్సర్ పాకేది రక్తం వెంట, లింఫు నాళాల వెంట. దానికి కావలసింది వ్యవధి, అది మనమే ఇస్తున్నాం. దగ్గులో నెత్తురు పడగానే కఫం పరీక్ష కూడా చేయించకుండా టీబీ మందులు మింగించడం ఆ వ్యవధిని పెంచే ఇంకో పద్ధతి.

అలాగని ఈ పుకారు ఊరికే పుట్టలేదు. సీటీ స్కానింగు లేని రోజుల్లో ఎక్స్‌రేలో నీడ చూసి ఛాతీ తెరిచేవాళ్ళు. తెరిచాక కొందరిలో జబ్బు అప్పటికే అంతటా కనిపించేది. తీయడానికి వీల్లేక కుట్లేసి పంపేవాళ్ళు. కొన్ని నెలలకు ఆ మనిషి పోయేవాడు. కోశారు, మూశారు, పోయాడు. ఊరు చూసింది నిజమే, అంటగట్టిన కారణమే అబద్ధం. ఇప్పుడు సీటీ, పెట్ స్కాన్ ముందే చేస్తారు. దూరం పాకిందని తేలితే సాధారణంగా కత్తి జోలికి పోకుండా మందులు, రేడియేషన్ వైపు వెళతారు. అంటే మీ డాక్టరు ఆపరేషన్ చేద్దామన్నాడంటే భయపడాల్సిన కబురు కాదు.

1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహం అనే సర్జన్ క్యాన్సర్ వచ్చిన ఒక వైద్యుడికి ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసేశాడు. ఆ రోగి 1963 దాకా బతికాడు. సిగరెట్లు కాల్చిన గ్రాహం మాత్రం 1957లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే పోయాడు. ఒక్క ఊపిరితిత్తితో మనిషి బతుకుతాడా అని అడిగేవాళ్ళకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. పైగా ఇప్పుడు చాలామందికి తీసేది మొత్తం కాదు, ఒక భాగమే. కుడివైపు మూడు భాగాలు, ఎడమవైపు రెండు ఉంటాయి. ఒకటి తీస్తే మిగిలినవి వ్యాకోచించి చాలావరకు ఆ చోటు నింపుతాయి.

"సూది గుచ్చి ముక్క తీసినా పాకుద్ది" అనేవాళ్ళకు మాత్రం, ఇష్టం లేకపోయినా, ఒక మాట ఒప్పుకోవాలి. సూది వెళ్ళిన దారిలో క్యాన్సర్ కణాలు మొలిచిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. చాలా అరుదు. ఆ అరుదైన దానికి భయపడి, అదేం గడ్డో తేల్చుకోకుండా కూర్చోవడం మాత్రం తెలివి కాదు.

ఇక చిల్లర అపోహలు. క్యాన్సర్ అంటుకోదు. పప్పు తింటే కుట్లు చీము పట్టవు, మానడానికి పప్పూ గుడ్డూ కావాలి. చుట్ట ముట్టనివాళ్ళకూ ఈ జబ్బు వస్తుంది, ఏళ్ళ తరబడి పత్తికట్టె పొగలో వండిన ఆడవాళ్ళను అడగండి.

ఆపరేషన్ ఖాయమయ్యాక "విశ్రాంతి" పేరుతో మనిషిని మంచానికి అప్పగించేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. సర్జన్ "ఎన్ని అంతస్తులు ఎక్కగలవు?" అని అడిగేది కబుర్లకు కాదు. కోటప్పకొండ మెట్లన్నీ ఎక్కమనడం లేదు, రెండు మూడు అంతస్తులు ఆగకుండా ఎక్కే దమ్ముంటే అదో మంచి గుర్తు. రోజూ నడవాలి. మూడు బంతుల పరికరంతో గాలి పీల్చడం ముందే అలవాటు చేసుకోవాలి. బీడీ, చుట్ట నాలుగు వారాల ముందే మానితే మేలు. మానిన కొత్తలో దగ్గు పెరగొచ్చు, అది మళ్ళీ ముట్టించడానికి సాకు కాదు. షుగరు అదుపులో పెట్టుకోవాలి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. డబ్బుకు పొలం బేరం పెట్టేముందు ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో ఆసుపత్రి కౌంటర్లో అడగండి.

ఆపరేషన్ తర్వాత ఛాతీలోంచి సీసాలోకి గొట్టం ఉంటుంది. అందులో బుడగలు చూసి "ప్రాణం పోతోంది" అని ఏడవొద్దు. కోసిన చోటు నుంచి కారే గాలి అది, ఎక్కువమందికి కొద్ది రోజుల్లో ఆగిపోతుంది. సీసాను ఎప్పుడూ ఛాతీ కంటే కింద ఉంచాలి, గొట్టం మడత పడనివ్వకూడదు. నొప్పి మాత్రలు అలవాటైపోతాయని దాచిపెడితే దగ్గలేరు. దగ్గకపోతే కఫం పేరుకుని నిమోనియా వస్తుంది. దిండు ఛాతీకి హత్తుకుని గట్టిగా దగ్గించండి, డాక్టరు చెప్పిన రోజునే నడిపించండి. కోసిన వైపు చెయ్యి కదపకపోతే భుజం పట్టేస్తుంది.

ఇంటికొచ్చాక కొన్ని వారాలు ఆయాసం మామూలే. మిరప కల్లంలోకి, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దుమ్ములోకి అప్పుడే వెళ్ళనివ్వకండి. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, పిక్క వాచినా ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్‌తో సరిపెట్టకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి అదే రోజు ఫోన్ చేయండి. ఆయాసం ఉన్నట్టుండి ముదిరినా, దగ్గులో నెత్తురు పడినా వెంటనే 108.